మార్కులు ఎనభై, భాగహారం రాదు

ప్రశ్న: సార్, మాది బోరబండ. మా ఆయన కొరియర్ ఆటో నడుపుతాడు, నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా పెద్దోడు దగ్గర్లోని సర్కారు హైస్కూల్లో తొమ్మిదో తరగతి. పాప అదే బడిలో ఆరు. పెద్దోడు అయిదు దాకా తెలుగు మీడియం, 2022లో ఆరుకు వచ్చేసరికి ఇంగ్లిష్ మీడియం చేశారు. ప్రోగ్రెస్ కార్డులో ఎప్పుడూ ఎనభైకి తగ్గవు. మొన్న లైనింగ్ బట్ట తేవాల్సి వచ్చి, మీటరు నూట నలభై, రెండున్నర మీటర్లు ఎంతవుతుందిరా అంటే ఫోన్ తీశాడు. ఫోన్ లేకుండా చెప్పమంటే తల దించుకున్నాడు. అనుమానం వచ్చి భాగహారం ఇస్తే అదీ రాలేదు. బడికి పోయి అడిగితే "ఎందుకమ్మా టెన్షన్, టెన్త్‌లో అందరూ పాసవుతున్నారు కదా" అన్నారు. మా గల్లీలో అందరిదీ ఇదే బాధ. బడి ముందు ధర్నా చేద్దామని వాట్సాప్ గ్రూపులో అంటున్నారు. మా ఆయనేమో నా గొలుసు కుదువపెట్టి కార్పొరేట్ స్కూల్లో వేద్దాం అంటున్నాడు. ఏడాదికి డెబ్బై వేలట. నేను చదివింది ఏడో తరగతి. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, బోరబండ

సమాధానం:

అమ్మా,

ముందు ఆ గొలుసు సంగతి. దాన్ని మెడలోనే ఉండనివ్వండి. ఎందుకో తర్వాత చెప్తాను.

"టెన్త్‌లో అందరూ పాసవుతున్నారు కదా." మీ ఉత్తరంలో ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. అన్నవారు అబద్ధమేమీ చెప్పలేదు. తెలంగాణలో పదో తరగతి పాసైనవాళ్లు 2024లో 91.31 శాతం, 2025లో 92.78 శాతం. పాసవడానికి వందకు 35 చాలు. మీరు అడిగింది మాత్రం పాసవుతాడా అని కాదు. రెండున్నర మీటర్ల బట్టకు ధర కట్టగలడా అని. ఆ ప్రశ్నకు బడి దగ్గర జవాబు లేదు కాబట్టి వేరే ప్రశ్నకు జవాబు చెప్పి పంపించారు. మీకు కోపం రావడంలో తప్పేం లేదు.

నేను సర్కారు బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. మార్కులు ఎలా పడతాయో తెలుసు. అందులో నా వాటా ఎంతో కూడా తెలుసు. తొమ్మిదో తరగతికి ఏడాదిలో నాలుగు ఎఫ్ఏలు, రెండు ఎస్ఏలు, అంటే పెద్ద పరీక్షలు, ఉంటాయి. ఎఫ్ఏ అంటే స్లిప్ టెస్టుతో పాటు నోటు పుస్తకం, ప్రాజెక్టు, చదివిన పుస్తకం మీద నాలుగు మాటలు, ఇవన్నీ కలిపి వేసే మార్కులు. ఆలోచన మంచిదే. పిల్లవాణ్ని మూడు గంటల పరీక్షతో తూచేయకుండా ఏడాది పొడవునా గమనించాలని పెట్టారు. అది బడిలో ఎలా నడిచిందో వినండి.

ఒక ఏడాది మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడానికి రేపే ఆఖరు అని కబురొచ్చింది. నాకు రెండు సెక్షన్లు కలిపి తొంభై మంది పిల్లలు. ప్రాజెక్టు చేసి తెచ్చింది పది, పన్నెండు మంది. మిగతావాళ్లకు సున్నా వేస్తే ఎందుకు వేశావని సంజాయిషీ రాసుకోవాల్సింది నేనే. స్టాఫ్ రూములో కూర్చుని, తెప్పించుకున్న టీ చల్లారేలోపు పద్దెనిమిది, పంతొమ్మిది, పద్దెనిమిది అని ఇరవైకి వేసుకుంటూ పోయాను. అందరికీ ఒకేలా ఉంటే బాగుండదని మధ్యమధ్యలో పదిహేడు. తనిఖీకి వచ్చినవారు గడులన్నీ నిండాయా అని చూశారు. నిండాయి. దసరా సెలవుల తర్వాత బడికే రాకుండా మెకానిక్ షాపులో పనికి కుదిరిన పిల్లవాడికి కూడా ఆ లిస్టులో పద్దెనిమిది పడింది. ఆ సంగతి నేను గమనించింది వేసవి సెలవుల్లో, వాడే నా స్కూటర్‌కు పంక్చర్ వేస్తున్నప్పుడు.

టీచర్లందరూ ఇంతే అనను. ఒక్కో పిల్లవాడి నోటు ఇంటికి మోసుకెళ్లి దిద్దినవాళ్లను చూశాను. కానీ మార్కు తక్కువైతే టీచరు తలనొప్పి, ఎక్కువైతే ఎవరికీ ఇబ్బంది లేదు అన్నచోట మార్కులు పైకే పోతాయి. పదో తరగతిలోనూ 80 మార్కులు పరీక్షకు, 20 బడి చేతిలో. ఆ ఇరవై ఎత్తేద్దామని ప్రభుత్వం 2024 నవంబరులో నిర్ణయించి, గొడవ కావడంతో ఆ ఏడాదికి వెనక్కి తగ్గింది. ప్రైవేటు బడులు ఆ ఇరవైకి ఇరవై ఎంత ధారాళంగా వేస్తాయో నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి మీవాడి లెక్కల నోటు తెరవండి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకుదీ తొమ్మిదే. వాడి నోటు ఈమధ్య చూశాను. బహుపదుల పాఠం. ముత్యాల్లాంటి అక్షరాలు, స్కేలు పెట్టి గీసిన మార్జిన్, శేష సిద్ధాంతం మీద వరసగా లెక్కలు, ప్రతి లెక్క కింద ఎర్ర టిక్కు, పేజీ చివర 'గుడ్' అని సంతకం. నోటు తిరగేసి ఆఖరి పేజీలో 824ని 8తో భాగించమన్నాను. ఎనిమిది ఒకట్ల ఎనిమిది అన్నాడు, ఒకటి వేశాడు. రెండు దించాడు, రెండులో ఎనిమిది పోదు, నాలుగు దించాడు, ఎనిమిది మూళ్ల ఇరవై నాలుగు. జవాబు 13. మధ్యలో సున్నా వేయాలని వాడికి ఎవరూ చెప్పలేదో, చెప్పినరోజు వాడు బడికి రాలేదో తెలియదు. "పదమూడు ఎనిమిదులు ఎంతరా?" అన్నాను. వేళ్లు లెక్కపెట్టి నూట నాలుగు అన్నాడు. ఆ నూట నాలుగు వైపు, 824 వైపు మార్చి మార్చి చూసి, పెన్ను కిందపెట్టి, "అంటే ఇది తప్పా సార్?" అన్నాడు.

ఆ లెక్కలన్నీ ఎలా చేశావంటే బోర్డు మీద చూసి రాశాం అన్నాడు. సార్ రానిరోజు గైడు చూసి. శేష సిద్ధాంతం వచ్చినవాడికి శేషం అంటే ఏంటో తెలియదు. నేల విడిచి సాము అంటే ఇదే.

మీవాడు ఎక్కడ ఆగాడో తెలుసుకోవడానికి ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు. ఒక ఆదివారం పొద్దున, మీ ఆయన ఆటో తీసుకుని బయటికి వెళ్లాక, అరగంట కూర్చోబెట్టండి. ఆయన లేనప్పుడే అని ఎందుకంటున్నానో మీకు అర్థమవుతుంది. ఒక తెల్లకాగితం మీద 403లోంచి 187 తీసేయమనండి, అప్పు తీసుకోవడం వచ్చో లేదో తెలుస్తుంది. ఏడో ఎక్కం వరసగా వద్దు, 'ఏడు ఎనిమిదులు', 'ఏడు ఆర్లు' అని ఎగుడుదిగుడుగా అడగండి. ఆ 824 లెక్కే ఇవ్వండి. సగానికి మూడో వంతు కలిపితే ఎంత అని అడగండి. చాలామంది పిల్లలు పైవి పైవీ కిందవి కిందవీ కూడేసి అయిదింట రెండు అంటారు. సగం కంటే తక్కువ వచ్చిందే అన్న అనుమానం కూడా రాదు. సరైన జవాబు ఆరింట అయిదు. తర్వాత మీ రెండున్నర మీటర్ల లెక్క, మూడొందల యాభై రావాలి. ఆఖరున మైనస్ మూడుకు అయిదు కలపమనండి.

లెక్కలయ్యాక పాప అయిదో తరగతి తెలుగు వాచకంలోంచి ఒక పేరా పైకి చదివించండి. ఒత్తుల దగ్గర ఆగుతున్నాడా, చదివిందేంటో తన మాటల్లో చెప్పగలుగుతున్నాడా చూడండి. ఇంగ్లిష్‌లో పాఠం చదివించే బదులు, నిన్న ఏం చేశావో మూడు వాక్యాలు రాయమనండి. బట్టీ పట్టిందీ సొంతదీ అక్కడ తేలిపోతుంది.

తప్పు చేసినప్పుడు మొహంలో ఏమీ చూపించకండి. "అయ్యో ఇది కూడా రాదా" అన్న మాట నోట రాకూడదు. వాడికి రాదన్న సంగతి మీకంటే ముందే వాడికి తెలుసు. ఇన్నేళ్లూ దాచుకుంటూ వచ్చాడు. ఫోన్ తీసింది అందుకే, తల దించింది అందుకే. కాగితం మీద తేదీ వేసి దాచండి. దానితో పని ఉంది.

ఇది ఎక్కడ మొదలైందో కూడా వేళ్ల మీద లెక్కేసి చూడండి. 2022లో ఆరు అంటే, 2020 మార్చిలో బడులు మూసినప్పుడు మీవాడు మూడులో ఉన్నాడు. నాలుగో తరగతి ఏడాదంతా ప్రైమరీ పిల్లలకు బడి తెరవలేదు. టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. మీ ఇంట్లో ఆ గంటకు టీవీ ముందు ఎవరు కూర్చున్నారో మీకే తెలియాలి. 2021 సెప్టెంబరు 1న బడులు తెరిచేసరికి వాడు అయిదులో ఉన్నాడు. పెద్ద భాగహారం, భిన్నాలు కుదురుకునే వయసు సరిగ్గా అదే. అది పోయింది. పోయిన ఏడాదిని ఎవరూ తిరిగి చెప్పలేదు, పుస్తకం మాత్రం అయిదోది చేతికిచ్చారు. ఆ మరుసటేడే, 2022–23లో, ఒకటి నుంచి ఎనిమిది దాకా సర్కారు బడులన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. తెలుగులోనే తడబడుతున్నవాడికి భాష కూడా మారింది. పైగా ఎనిమిది దాకా ఫెయిల్ చేయకుండా పై తరగతికి పంపడమే మన దగ్గర పద్ధతి. పిల్లవాణ్ని ఆపేస్తే బడి మానేస్తాడు, ఆ భయం నిజమే. కానీ విద్యాహక్కు చట్టం ఫెయిల్ చేయొద్దని చెప్పి ఊరుకోలేదు. ప్రతి పిల్లవాడి స్థాయి చూసి, అవసరమైతే అదనంగా చెప్పడం టీచరు బాధ్యత అని 24వ సెక్షన్లో రాసింది. తల్లిదండ్రులతో తరచూ సమావేశమై పిల్లవాడి చదువు సంగతి చెప్పాలని కూడా అక్కడే ఉంది. ఫెయిల్ చేయొద్దన్నది పాటించారు, ఎందుకంటే అందులో చేయాల్సిన పనేమీ లేదు. మిగతావి కష్టం.

ఇదంతా బడిని వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. తొమ్మిదో తరగతి లెక్కల టీచరుకు నలభై అయిదు నిమిషాల పీరియడ్, పూర్తి చేయాల్సిన సిలబస్, ఎదురుగా నాలుగు రకాల స్థాయిల పిల్లలు. నిజమే. అయినా 824 రాని పిల్లవాడి నోటులో 'గుడ్' అని సంతకం పెట్టడానికి సిలబస్ అడ్డమేమీ రాలేదు కదా. మన పిల్లలకు ఇంతకంటే రాదులే అనుకోవడం ఉందే, నేను స్టాఫ్ రూముల్లో ఎక్కువగా విన్నది అదే. "ఈ బస్తీ పిల్లలకు ఇదే ఎక్కువ" అని చాలా మెత్తగా, జాలిగా అంటారు. నేనూ అన్నాను. మా ఇద్దరు పిల్లల్నీ ప్రైవేటు బడిలో చదివించుకుంటూ అన్నాను.

ఇక ధర్నా. మొదటి అడుగుగా వద్దు. రెండు గంటలు నినాదాలు, నాలుగు ఫోటోలు, మర్నాడు హెడ్మాస్టరుకూ మీకూ మాటల్లేకపోవడం తప్ప ఏమీ రాదు. దానికి బదులు మీ గ్రూపులో ఉన్న పదిమంది తల్లులూ ఇదే పరీక్ష ఇళ్లలో పెట్టి, ఆ కాగితాలు పట్టుకుని కలిసి వెళ్లండి. "మా పిల్లలకు చదువు రావట్లేదు" అంటే ఏ బడి అయినా సర్ది చెప్పగలదు. ఎనభై మార్కుల కార్డూ, 13 అని రాసిన కాగితమూ పక్కపక్కన పెడితే సర్ది చెప్పడం కష్టం. ముందు లెక్కల టీచరును కలవండి, ఆ తర్వాతే హెడ్మాస్టరును. టీచరును దాటేసి పైకి పోతే మనిషి మూసుకుపోతాడు, పిల్లవాడు వాళ్ల క్లాసులోనే కూర్చోవాలి కదా.

హెడ్మాస్టరును అడగాల్సినవి సూటిగా అడగండి. లెక్కలకు, సైన్సుకు మంజూరైన స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే టీచరు) పోస్టులెన్ని, ఇప్పుడు పాఠం చెప్తున్నవాళ్లెందరు? ఎవరైనా పక్క బడికి సర్దుబాటు మీద వెళ్లారా? ఆరు నుంచి తొమ్మిది దాకా వెనకబడ్డ పిల్లల కోసం 2023లో 'ఉన్నతి' అనే కార్యక్రమం తెచ్చారు. మన బడిలో దాని కింద పిల్లలు ఏ స్థాయిలో ఉన్నారో చూడటానికి మొదట్లో పెట్టిన బేస్‌లైన్ పరీక్షలో మావాడికి ఏమొచ్చింది, ఆ తర్వాత ఏం చేశారు? ఈ ఒక్క ప్రశ్న చాలు, మీరు ఊరికే వచ్చినవాళ్లు కారని తెలిసిపోతుంది. పొద్దున ప్రార్థనకు ముందో, సాయంత్రమో వారానికి మూడు రోజులు అరగంట చొప్పున భాగహారం, భిన్నాలు మళ్లీ మొదటి నుంచి చెప్పించమని అడగండి. టెన్త్ పిల్లలకు ప్రత్యేక తరగతులు ఎలాగూ పెడతారు. తొమ్మిదికి పెడితే ఆ తరగతులకు అర్థం ఉంటుంది. టెన్త్‌లో పెట్టేవాటిలో చేసేది ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ వేయించడమే.

పోస్టు ఖాళీగా ఉందని తేలితే అప్పుడు హెడ్మాస్టరు మీ వైపు మనిషి. ఆయన రాసిన లేఖలకు కదలనిది మీ అర్జీతో కదలొచ్చు. 2024 డీఎస్సీలో, అంటే టీచర్ల నియామకాల్లో, రాష్ట్రంలో 11,062 పోస్టులు ప్రకటించి ఆ అక్టోబరులో నియామక పత్రాలిచ్చారు. అందులో మీ బడికి ఎవరూ రాకపోతే ఎందుకు రాలేదని డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసును అడగండి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడా జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద అడగండి, ముప్పై రోజుల్లో చెప్పి తీరాలి. ధర్నా చేయాల్సి వస్తే ఇవన్నీ అయ్యాక, చేతిలో కాగితాలతో, బడి ముందు కాకుండా ఆ ఆఫీసు ముందు చేయండి. నేనూ వస్తాను.

ఇప్పుడు గొలుసు. తొమ్మిది మధ్యలో కార్పొరేట్ స్కూలుకు మారిస్తే ఏమవుతుందో చెప్తాను. ఒక పరీక్ష పెడతారు, మీవాణ్ని ఆఖరి సెక్షన్లో వేస్తారు. బోర్డు మీద పేరు, పేపర్లో ఫోటో మొదటి సెక్షన్ పిల్లలవి. మీ డెబ్బై వేలూ ఆ ఫోటోల ఖర్చులోకి పోతాయి. చాలాచోట్ల తొమ్మిదిలోనే టెన్త్ సిలబస్ మొదలుపెట్టేస్తారు. 824 దగ్గర ఆగిపోయినవాణ్ని ఇంకో ఏడాది ముందుకు తోయడం అన్నమాట. నాలుగో తరగతి భాగహారం ఏ కార్పొరేట్ టైంటేబుల్లోనూ ఉండదు. బస్సు ఫీజు, యూనిఫాం, వాళ్లే అమ్మే పుస్తకాలు ఆ డెబ్బైలో కలిసి ఉన్నాయో లేదో కూడా మీ ఆయన అడిగి ఉండరు. మీ ఆయన ఆశ తప్పు కాదు, కొడుకు కోసం ఆటో నడిపేవాడికి ఆ మాత్రం ఉండాలి. కానీ వడ్డీ కట్టే ప్రతి నెలా "నీకోసం ఎంత పెట్టానో తెలుసా" అన్న మాట ఇంట్లో వినిపిస్తుంది. దాంతో వాడు ఇంకా దాచుకోవడం నేర్చుకుంటాడు.

సర్కారు బడిలో ఉన్నందుకు వచ్చే లాభాలు కొన్ని ఉన్నాయి, వాటిని ఎందుకు వదులుకోవాలి? బాసర ట్రిపుల్ ఐటీలో సీట్లు పదో తరగతి ఫలితం మీదే ఇస్తారు. హాస్టల్ లేని సర్కారు బడుల్లో చదివినవాళ్లకు కొంత అదనంగా కలిపే పద్ధతి అక్కడ ఉంటూ వచ్చింది. ఇప్పుడే ఆ ఆశ పెట్టుకోమనడం లేదు, తలుపు మూయకండి అంటున్నాను. అది కాకపోతే పాలిటెక్నిక్‌లో చేరడానికి రాసే పాలిసెట్ ఉంది. 120 మార్కుల్లో 60 లెక్కలే కాబట్టి మళ్లీ మనం భాగహారం దగ్గరికే రావాలి.

ఆ డెబ్బై వేలలో పదో వంతు కూడా పెట్టకుండా చేయగలిగింది ఒకటుంది. మీ గల్లీలో డిగ్రీనో బీఎడ్డో చదువుతున్న అమ్మాయో అబ్బాయో ఉంటే, నలుగురైదుగురు పిల్లల్ని కలిపి లెక్కలు మాత్రం చెప్పించండి. మామూలు ట్యూషన్ వద్దు. మామూలు ట్యూషన్‌లో బడి హోంవర్కు చేయించి పంపిస్తారు, అదీ చూసి రాయడమే. మూడు నెలలు తొమ్మిదో తరగతి పుస్తకం ముట్టుకోకూడదు, నాలుగు, అయిదు తరగతుల లెక్కలే చెప్పాలి అని ముందే షరతు పెట్టండి. వినడానికి వింతగా ఉంటుంది. వినని ట్యూషన్ వద్దు. బడిలో జీతం తీసుకునే టీచరు దగ్గరే ట్యూషన్ పెట్టించకండి, చట్టం ఒప్పుకోదు. ఆ దారిన పోతే క్లాసులో చెప్పాల్సింది ట్యూషన్‌కు మిగులుతుంది కూడా.

పద్నాలుగేళ్ల పిల్లవాడి చేతికి నాలుగో తరగతి పుస్తకం ఇస్తే వాడికి చచ్చేంత సిగ్గు. పాత న్యూస్‌పేపరుతో అట్ట వేయండి, లేబుల్ వద్దు. చెల్లెలి ముందు తీయించకండి.

చదివింది ఏడో తరగతే అన్నారు. మీరు రోజూ చేసే లెక్కలు ఆ తొమ్మిదో తరగతి నోటులో లేవు. ఛాతీ ముప్పై ఆరు అంటే నాలుగో వంతు తొమ్మిది, దానికి కుట్టు కోసం ఇంత కలపాలి అని మీరు చాక్‌తో గీత గీస్తారే, అది భాగహారమే. మీ మెడలో వేసుకునే టేపు తీసి వాడి ముందు పరవండి. అంగుళంలో సగం ఎక్కడ, పావు ఎక్కడ, అందులో సగం ఎక్కడ అని వేలు పెట్టించండి. పావులో సగం ఎనిమిదో వంతు అని టేపు మీద చూసినవాడు సగానికి మూడో వంతు కలిపి అయిదింట రెండు అనడు. నేను బోర్డు మీద భిన్నాల కోసం రొట్టె బొమ్మ గీసి ముక్కలు కోస్తూ ఉండేవాణ్ని, ఏ పిల్లవాడి ఇంట్లోనైనా టేపు ఉందని తెలిస్తే అదే తెప్పించేవాణ్ని. రోజుకు ఒక జాకెట్ కొలతలు వాడితో రాయించి, వంతులు వాడితో కట్టించండి. బట్ట కత్తిరించేది మీరే అనుకోండి, కస్టమర్ జాకెట్ మీద ప్రయోగం వద్దు. లైనింగ్, హుక్స్, దారాల లెక్క నెలాఖరున వాడి చేత కూడించండి. ఫోన్‌తో సరిచూసుకోవచ్చు, కానీ చేతితో చేశాకే.

ఇంగ్లిష్ మీడియం పాఠ్యపుస్తకాలకు ఒక మంచి గుణం ఉంది. మీడియం మార్చినప్పుడు రెండు భాషల్లో అచ్చేశారు, ఒక పక్క ఇంగ్లిష్, ఎదురుగా తెలుగు. పిల్లలు తెలుగు పేజీ వంక చూడరు, పరీక్ష ఇంగ్లిష్‌లో కదా అని. సైన్సు, సోషల్ ముందు తెలుగు పేజీ పైకి చదివించండి, అర్థమయ్యాక ఎదుటి పేజీ. పాఠం తెలిశాక భాష కొంత దానంతట అదే పట్టుబడుతుంది. పాఠాల దగ్గర ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వీడియోలు వస్తాయి. మీ ఆయన ఫోన్ రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు అరగంట చూడొచ్చు. చూసేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలి, లేదంటే పాఠం రీల్స్‌లోకి జారిపోతుంది.

ఎంతకాలం పడుతుందని అడుగుతారు. రోజుకు అరగంట మానకుండా చేస్తే మూడు, నాలుగు నెలల్లో భాగహారం, భిన్నాలు, దశాంశాలు కుదురుకున్న పిల్లల్ని నేను చూశాను. వాడికి తెలివి లేక ఆగలేదు కాబట్టి తొందరగానే అందుకుంటాడు. ఆరు వారాలకోసారి అదే రకం పరీక్ష, అంకెలు మార్చి పెట్టండి. మొదటి కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి వాడికే చూపించండి. ఈ మధ్యలో బడి మార్కులు తగ్గితే కంగారుపడకండి. చూసి రాయడం మానేసినవాడికి కొన్నాళ్లు తగ్గుతాయి. ఎనభై కాస్తా యాభై అయితే, ఆ యాభై వాడిది.

మీ ఆయనకు ఈ ఉత్తరం చదివి వినిపించండి. గొలుసు మాట దగ్గర ఆయన ఏదో అంటారు, అననివ్వండి. ఆ తర్వాత ఆదివారం ఒకరోజు ఆయన్నీ కూర్చోబెట్టి, ఇవాళ డీజిల్ ఎంత పోయించావు, కిలోమీటరుకు ఎంత పడింది అని కొడుకుతో లెక్క కట్టించమనండి.

పాప సంగతి మీరు అడగలేదు. బడులు మూసి ఉన్న ఏడాది దానిది ఒకటో తరగతి, కాబట్టి దానికి పోయింది ఆ మొదటి ఏడాది, అన్నకు పోయిన భాగహారం ఏడాది కాదు. కానీ మార్కులు వేసే చేతులు అవే. అదే ఆదివారం, వేరే గదిలో, దానికీ ఒక కాగితం ఇవ్వండి. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. సర్కారు, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం వచ్చి ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 చొప్పున ఇస్తారు. పెద్దోడికి ఆ ఏడాది దాటిపోయింది. దీనికి ఇంకా రెండేళ్లుంది, ఆదాయ ధ్రువీకరణ పత్రం ముందే తీసి పెట్టుకోండి.